ముందు సీటు రేడియో

పెళ్లయిన కొత్తలో అత్తగారు పక్కింటావిడతో అన్నదట, "మా కోడలు బంగారమే గానీ, నోట్లో నాలుక ఉందో లేదో ఒకసారి డాక్టరుకి చూపించాలి" అని. అలాంటి మనిషిని ఇవాళ రేవు దగ్గర వ్యాన్ల స్టాండులో అందరూ రేడియో అంటారు. మొహం మీదే అంటారు. "రేడియో వదినా, ఇవాళ వార్తలేమిటి?" అంటే నవ్వి ఊరుకుంటుంది. మొగుడి పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాకే నోరు తెరుస్తుంది. దిగేదాకా మూయదు.

రేవులో ఓడ పొద్దున ఆగుతుంది. పొద్దు వాలకముందే కూత వేసి వెళ్లిపోతుంది. ఈ మధ్యలో దిగినవాళ్లకి ఊరు చూపించాలి. దీపస్తంభం, కోటగోడ, చేపల బజారు, పాత వంతెన, మళ్లీ రేవు. ఆయన నడుపుతాడు, ఆవిడ చూపిస్తుంది. "ఎడమ పక్క చూడండి, ఎంత బాగుందో!" అంటుంది. తీరా చూస్తే అక్కడ చెత్తబండి ఉంటుంది. ఎవరైనా అడిగితే, "ఊరు ఇంత శుభ్రంగా ఉందంటే ఆ బండి పుణ్యమేనండీ" అని తడుముకోకుండా చెబుతుంది. అందరూ నవ్వుతారు. ఆయన నవ్వడు. బ్రేకు మీద కాలు వేస్తాడు.

ఆ మాటలు వెనక కూర్చున్నవాళ్ల కోసం కాదు. ఆయనకి పక్కచూపు పోయింది. కంటి నరం ఎండిపోతోందని, పోయిన చూపు తిరిగి రాదని, బండి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది. ఆ గొట్టానికి అటూ ఇటూ ఏముందో ఆవిడ చెప్పాలి. "ఎడమ పక్క చూడండి" అంటే ఎడమ నుంచి ఏదో అడ్డొస్తోందని. "ఇది నిదానంగా చూడాల్సిన చోటండీ" అంటే రోడ్డు నిండా జనమని.

"ఒక్క ఏడాది నెట్టుకొద్దాం. ఈలోగా ఇంకేదైనా చూసుకుంటాను" అన్నాడాయన, ఆస్పత్రి మెట్లు దిగుతూ. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ వ్యాన్ మీదే. చేపల షెడ్డులో పని మానేసి ఆవిడ ముందు సీటు ఎక్కింది. ఏడాది ఎప్పుడో దాటింది. గొట్టం సన్నబడుతోంది గానీ ఆయన ఇంకేదీ చూసుకోలేదు. రోజూ వ్యాన్ దిగాక, హమ్మయ్య, ఇవాళ ఎవరి ప్రాణం మీదికీ రాలేదు అనుకుంటుంది. అందుకు దేవుడికి దండం పెట్టదు. ఈ పనిలోకి దేవుణ్ణి లాగడం ఆమెకి ఇష్టం లేదు.

ఆ రోజు ఎక్కింది భార్యాభర్తలిద్దరు. ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దమనిషి, మెడకి శాలువా చుట్టుకున్న ఆయన భార్య. దీపస్తంభం అయింది, కోటగోడ అయింది. సముద్రం పక్క రోడ్డెక్కగానే పెద్దావిడ ముందుకు వంగింది.

"ఏమీ అనుకోకమ్మా. నువ్వు చెప్పేది బాగానే ఉంది. రాత్రంతా ఓడలో కంటిమీద కునుకు లేదు, తల పగిలిపోతోంది. కాసేపు ఊరుకుంటావా? ఆ అలల చప్పుడు విననీ."

"అలాగేనమ్మా. ఆ మలుపు దగ్గర ఒక్కటుంది, అది చెప్పేసి..."

"వద్దులే తల్లీ. మేం చూసుకుంటాంలే, కళ్లున్నాయిగా మాకు."

ఆవిడ మొగుడి వైపు చూసింది. స్టీరింగు మీద వేళ్లు బిగుసుకున్నాయి. ఆపుతాడేమో అనుకుంది. "ఈ రోడ్డు నాకు కంఠతా వచ్చు" అన్నాడు గొంతు తగ్గించి. రోడ్డు కంఠతా వస్తుంది. రోడ్డు మీదికి వచ్చేవాళ్లు కంఠతా రారు కదా.

ఐసు షెడ్డులోంచి ఒకతను తోపుడుబండి మీద ఐసు దిమ్మలు తోసుకుంటూ వస్తున్నాడు. తల వంచుకుని, బరువంతా చేతుల మీద వేసి తోస్తున్నాడు. ఆవిడ ముందే చూసింది. మాట నాలుక మీదే ఉంది. అద్దంలో పెద్దావిడ కళ్లు మూసుకుని ఉంది. ఇప్పుడే కదా వద్దన్నది, మళ్లీ మొదలుపెట్టిందేమిటి అనుకుంటారని ఒక్క క్షణం ఆగింది.

"ఏవండీ, ఎడమ!"

అప్పటికే ఆలస్యమైంది. వ్యాన్ తగిలి తోపుడుబండి తిరగబడింది. ఐసు దిమ్మలు రోడ్డు మీద పగిలి నలువైపులా జారిపోయాయి. వాటి మధ్య ఐసతను కూర్చుని తన పాదం వైపు చూసుకుంటున్నాడు. అది ఉండాల్సిన వైపు లేదు. తనే ఒక ముక్క తీసి దాని మీద పెట్టుకున్నాడు.

"ఐసుకి మాత్రం కొదవ లేదు" అన్నాడు.

జనం మూగారు. ఆయన వ్యాన్ దిగి, దాన్ని పట్టుకుని తడుముకుంటూ ముందుకొచ్చాడు. "బ్రేకు పట్టలేదు" అన్నాడు. ఆ మాట ఎప్పటినుంచో నోట్లో దాచుకున్నట్టు వచ్చేసింది.

"అవును, నేను చూశాను. మెల్లగానే వస్తున్నాడు పాపం, డ్రైవరు తప్పేం లేదు" అన్నాడు పెద్దమనిషి. ఆయన అప్పటిదాకా చూసింది సముద్రాన్ని.

స్టాండు ప్రెసిడెంటు స్కూటరు మీద వచ్చాడు. ఓడ ఎవరి కోసమూ ఆగదు గనక ముందు ఆ ఇద్దరినీ ఇంకో వ్యాన్‌లో ఎక్కించాడు. ఎక్కబోతూ పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "చక్కగా చెబుతున్నదానివి, అనవసరంగా ఆపాను తల్లీ." తను ఏమన్నదో పెద్దావిడకే తెలియదు.

ఐసతన్ని ఆటోలోకి ఎత్తారు. "బ్రేకు పోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు తమ్ముడూ" అన్నాడతను, పళ్లు బిగబట్టి. "మా ఆవిడకి మాత్రం మెల్లగా చెప్పండి. కంగారు మనిషి."

ఆటో వెళ్లిపోయింది. ప్రెసిడెంటు ఆయన భుజం తట్టాడు. "గట్టి గండమే తప్పిందిరా. బ్రేకులు చేయించు. ఎల్లుండి పెద్ద ఓడ వస్తోంది, రేడియో మోగకపోతే ఎలా?"

ఇక చాలు అని మొగుడు అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. ఆ ఒక్క మాట కోసమే చాలా కాలంగా చూస్తోంది.

"రేపే చేయిస్తానన్నా" అన్నాడాయన.

"బ్రేకులు బాగానే ఉన్నాయన్నయ్యా" అంది ఆమె. "కళ్లే లేవు."

"ఏమే!"

"పక్కల ఏమీ కనబడదు ఈయనకి. నేను చెబితే నడుపుతాడు. ఇవాళ నేను చెప్పలేదు."

ప్రెసిడెంటు ముందు నవ్వాడు. తరవాత ఆయన చెవి పక్కగా అరచెయ్యి ఎత్తి, కొట్టబోయినట్టు విసురుగా తెచ్చాడు. ఆయన రెప్ప వేయలేదు. రెండో పక్క నుంచీ తెచ్చాడు. అటూ అంతే.

"మొన్న నా మనవరాలిని ఎక్కించుకుని తిప్పావు గదరా" అన్నాడు. వ్యాన్‌లోంచి తాళం లాగి జేబులో వేసుకున్నాడు. "పదండి పోలీస్ స్టేషన్‌కి. నువ్వే చెబుతావో, నన్ను చెప్పమంటావో దారిలో ఆలోచించుకో."

స్కూటరు నడిపించుకుంటూ ప్రెసిడెంటు ముందు నడిచాడు. రేవులో ఓడ కూత వేసింది.

"కొంప కూల్చావు" అన్నాడు మొగుడు. ఆమె చెయ్యి ఇవ్వబోతే విదిలించుకున్నాడు. ఆమె ఒక అడుగు ముందు నడిచింది. కాలిబాట మలుపులో అలవాటు కొద్దీ నోరు తెరిచింది.

"ముందు మెట్టుందండీ."

"నోరు మూయి."

మూసుకుంది. వెనక ఆయన చెప్పు రాతి అంచుని వెతుక్కుంటూ గీరుకోవడం వినిపించింది. ఆమె తిరిగి చూడలేదు. ఆ కాలికి మెట్టు దొరికేదాకా అక్కడే నిలబడింది.