ఒక మిల్లీమీటరు పిక్కు

పోయినవి మొదట చెబుతాను. నాలుగేళ్ళలో పదకొండు పిక్కులు, ఏడు తీగలు, కుడి బొటనవేలి గోరు రెండుసార్లు, మా అమ్మ కొమ్ము దువ్వెన, ఆర్కెస్ట్రాలో ఒక కుర్చీ. గోరు దానంతటదే మళ్ళీ వచ్చింది. తక్కినవి రాలేదు.

ఎనభైల మొదట్లో నేను హోసూరులో కొత్తగా వచ్చిన ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. ఇనుప ముక్కల మందం కొలవడం నా పని. గిటారు మాత్రం పుస్తకం చూసి సొంతంగా నేర్చుకున్నాను. తీగలు మీటడానికి వేళ్ళ మధ్య పట్టుకునే చిన్న బిళ్ళను పిక్కు అంటారు. అది కొనాలంటే బెంగళూరు పోవాలి. అక్కడి అంగడివాడు "వంచి చూసి తీసుకోండి" అనేవాడు. మందం ఎంత అని అడిగితే నవ్వేవాడు. మందం తెలియకుండా అమ్మేవాడి దగ్గర నేను కొనను. అందుకని నేనే చేసుకున్నాను. సబ్బుపెట్టె మూత, టెంకాయ చిప్ప, పాత స్కేలు, ఏది దొరికితే అది ఆకురాయితో అరగదీసి, ఫ్యాక్టరీ మైక్రోమీటరుతో కొలిచి, అన్నిటినీ సరిగ్గా ఒక మిల్లీమీటరుకు తెచ్చాను. కొలత ఒకటే కాబట్టి అన్నీ ఒకటే అని తేల్చాను.

మా ఫ్యాక్టరీలో ఎవరిని అడిగినా అదే చెప్పేవారు. నిన్నటిదాకా జానలతో, మూరలతో కొలుచుకున్నవాళ్ళం. మైక్రోమీటరు చేతికొచ్చాక, మిల్లీమీటరులో నూరో వంతు తేడా వచ్చినా మాకు అన్నం సహించేది కాదు.

చివరికి మా అమ్మ కొమ్ము దువ్వెన విరిచి, ఆ ముక్కతో చేసినదాన్ని ఎంచుకున్నాను. ఎంత వాయించినా కొమ్ము అరగదు, కొలత మారదు.

పెండ్లిళ్ళకు వాయించే ఆర్కెస్ట్రాను మా వీధి దర్జీ నడిపేవాడు. అతని గిటారు మనిషి మానేశాడు. కుందారపల్లి పెండ్లిలో పన్నెండు పాటలు బాగా వాయిస్తే ఆ కుర్చీ నాదేనన్నాడు. అప్పట్లో నాకు అంతకంటే కావలసింది ఏదీ లేదు.

ముందురోజు నా పిక్కును గోటితో తట్టి చూశాడు.

"ఇది వంగనే వంగదప్పా. నువ్వు వాయించేది తాళం, తీగలన్నీ ఒక్కసారే మీటాల. నాది తీస్కో, మెత్తంది."

"అది ఎంత మందం?"

"నాకేం తెలుసు? వంగుతుంది, చాలు."

"ఇది కరెక్టుగా ఒక మిల్లీమీటరు."

"ఏమప్పా, గిటారు వాయించేకి వస్తా ఉండావా, బావి తవ్వేకి వస్తా ఉండావా?"

రవికెలు కుట్టేటప్పుడు "రవంత వదులు పెడతాలేమ్మా" అనే మనిషి నాకు కొలతలు చెప్పడమేమిటి? పిక్కు మార్చలేదు.

పెండ్లికొడుకు వాళ్ళకు కన్నడ పాట, పెండ్లికూతురు వాళ్ళకు తెలుగు పాట, అందరికీ కలిపి తమిళ పాట. మొదటి పాటకే నా గిటారు, రేకుడబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు మోగింది. ముందు వరసలో ఒక ముసలమ్మ కోడల్ని అడిగింది.

"యాడమ్మా ఆ చప్పుడు? వంటింట్లో అడుగంటింది గీకుతా ఉండారా?"

"వంటింట్లో కాదత్తా. ఆడ చూడు, ఆ కండ్లద్దాలాయన."

రెండో పాటకు పిక్కును ఇంకా బిగించి పట్టుకున్నాను. మూడో పాట సగంలో సన్న తీగ తెగింది, దాని వెనకే ఇంకొకటి. తప్పు తీగలదేనని నేను అప్పటికీ అనుకుంటూనే ఉన్నాను. వేరే తీగలు తెచ్చుకోలేదు. దర్జీ పాట ఆపకుండానే నన్ను దిగమని సైగ చేశాడు. పాట అయ్యాక కిందికి వంగి నెమ్మదిగా అన్నాడు.

"పొయ్యి అన్నం తినప్పా. దానికి కొలత అక్కర్లేదు."

తిన్నాను. తర్వాత ఆ కుర్చీలో బర్గూరు రాళ్ళ క్వారీ గుమాస్తా ఒకాయన కూర్చున్నాడు. ఆయన పిక్కును వంచి చూసి కొనే రకం. కృష్ణగిరి దాకా ప్రతి ముహూర్తానికీ ఆయనే. ఏడాది పోయాక నేనూ ఒక మెత్తది కొన్నాను. ఇంట్లో బాగానే మోగింది. దాని మందం కొలవలేదంటే అబద్ధమవుతుంది.

కుందారపల్లిలో పెండ్లికూతురు తండ్రి మాట్లాడుకున్నది గిటారుతో పన్నెండు పాటలు. నేను వాయించింది రెండు పూర్తిగా, ఒకటి సగం. ఆ ఇంటికి నేను ఇవాళ్టికీ తొమ్మిదిన్నర పాటలు బాకీ.