మా వీధిలో టీవీవాళ్ళు కట్టిన ఇల్లు

ఆ ఏడు వాగు పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు, నేను పాఠాలు చెప్పే బడిలోనే మేమంతా తలదాచుకున్నాం. నీళ్ళు తగ్గాక తిరిగొచ్చి చూస్తే మా వంటింటి కప్పు కూలిపోయి ఉంది. పక్కింటికైతే ముందు గోడే లేదు.

పక్కింటావిడను నేను అక్కా అని పిలిచేదాన్ని. భర్త పోయాక వీధరుగు మీద పొయ్యి పెట్టుకుని, తెల్లారేసరికి ఇడ్లీలు, అట్లు వేసి అమ్మేది. పనులకు పోయేవాళ్ళు ఆ అరుగు మీదే కూర్చుని తిని కదిలేవారు. ఇప్పుడు అరుగూ లేదు, పొయ్యీ లేదు. పగలంతా ఇద్దరం బురద ఎత్తిపోసేవాళ్ళం. ఎంత ఎత్తినా మర్నాటికి అంతే ఉన్నట్టుండేది. మాట్లాడుకోవడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

అలాంటప్పుడు హైదరాబాదు నుంచి టీవీవాళ్ళు వచ్చారు. వరదలో దెబ్బతిన్న ఒక ఇంటిని కొత్తగా కట్టి, ఆ కట్టడమంతా చూపించే కార్యక్రమమట. వీధంతా తిరిగి అక్క ఇల్లు ఎంచుకున్నారు. నాకు సంతోషమే అనిపించింది. మా ఇంటి ముందు ఆగకుండా వెళ్ళిపోయారని మనసు చివుక్కుమన్న మాట కూడా నిజమే.

పని మొదలయ్యే రోజు అక్క ఉన్నంతలో మంచి చీర కట్టుకుని వచ్చింది. కార్యక్రమం నడిపే అమ్మాయి, పాపం మంచిదే, కాస్త ఇబ్బందిపడుతూ అంది.

"ఆంటీ, నిన్నటి బురద చీరే కట్టుకుని రండి. నిన్న కూలిన గోడ దగ్గర ఏడ్చారు కదా, అది సరిగ్గా రాలేదు. ఇంకొక్కసారి..."

అక్క ఆ అమ్మాయి వంక చూసింది.

"చీర కట్టుకొస్తానమ్మా. ఏడుపు మాత్రం అయిపోయింది."

ఇల్లు కట్టినన్నాళ్ళూ అక్క మా ఇంట్లోనే ఉంది. ఆ చప్పుళ్ళు వింటూ మా వంటింటి మీద కప్పిన పట్టా సర్దుకుంటూ ఉండేవాళ్ళం. చివరికి ఒకరోజు వీధంతా నిలబడి చూస్తుండగా ఇంటికి అడ్డంగా కట్టిన తెర తొలగించారు. గులాబి రంగు గోడలు, నున్నటి గచ్చు, ముందువైపు నిలువెత్తు అద్దాల తలుపు. అందరం చప్పట్లు కొట్టాం. అక్క లోపలికి వెళ్ళి, అన్నీ చూసి, బయటికొచ్చి గుమ్మం పక్కన వెతుక్కుంది.

"అరుగేదమ్మా?"

"అరుగెందుకు ఆంటీ? లోపల గ్యాసు పొయ్యి పెట్టాం, చూశారా?"

"చూశానమ్మా. బాగుంది." పక్కన పేర్చి ఉన్న సామాను వంక తిరిగింది. కెమెరా ఆమె మొహం మీదే ఉంది. "ఆ మిగిలిన రేకులు, సిమెంటు ఏం చేస్తారు? మళ్ళీ లారీ ఎక్కిస్తారా?"

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి వాళ్ళ పెద్దాయన వైపు చూసింది.

"ఎక్కించకండి. ఈ టీచరు గారి వంటింటికి కప్పు లేదు. అవతలింటి ముసలమ్మకి గోడ లేదు. మా అందరింట్లోకీ ఒకే నీళ్ళు వచ్చినై గదండీ."

పెద్దాయన ఏమనుకున్నాడో, ఇక్కడే వాడేయమన్నాడు. పనివాళ్ళు ఆ సాయంత్రమే మా వంటింటి మీద రేకులు బిగించారు. మర్నాడు ముసలమ్మ గోడ లేపి వెళ్ళారు.

కార్యక్రమం వచ్చిన రోజు అందరం అక్క ఇంట్లో కూర్చుని కొత్త టీవీలో చూశాం. రేకుల సంగతి అందులో లేదు. అక్క అప్పటికే గోడకు ఆనుకుని నిద్రపోయింది.

తర్వాత కొన్నాళ్ళకు అద్దాల తలుపు ముందు మట్టితో, మిగిలిన ఇటుకలతో ఆమే అరుగు వేసుకుంది. పొగకు తలుపు మసిబారింది. ఒక పొద్దున బడికి వెళ్తూ అడిగాను.

"ఇల్లు బాగుందా అక్కా?"

"ఎందుకు బాగోదండీ? వానకి కురవట్లేదు, గాలి కొట్టట్లేదు. ఆ అద్దాలు తుడవడానికే ఓపిక లేదు." అట్టు తిరగేసింది. "కూర్చోండి, రెండు తిని వెళ్ళండి. మొహం పీక్కుపోయింది."

బడికి ఆలస్యమవుతుందని తెలిసీ కూర్చున్నాను.