అందరికంటే తక్కువున్న గేజి

కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది, రోహిణి కార్తె ఎండల్లో, నన్ను గోదావరిఖని రెస్క్యూ స్టేషన్‌కు సూపరింటెండెంటుగా వేశారు. రిటైర్మెంటుకు ముందు నా చివరి పోస్టింగు అదే. గనిలో మంట లేచినా, విషవాయువు కమ్మినా అందరూ బయటికి పరుగెత్తుతుంటే లోపలికి పోవలసిన మనుషులను తయారుచేసి సిద్ధంగా ఉంచడం ఆ స్టేషన్ పని. వాళ్లందరూ చుట్టుపక్కల గనుల్లో పనిచేసే కార్మికులే. వంతులవారీగా వచ్చి స్టాండ్‌బై డ్యూటీ చేస్తారు. స్టాండ్‌బై అంటే పిలుపు కోసం కాచుకుని కూర్చోవడం. ఆ పిలుపు రాకూడదనే అందరి మొక్కూ. అందుకని డ్యూటీలో చాలా భాగం క్యారమ్ బోర్డు దగ్గరే గడిచేది.

ఆ గదిలోకి ఒక నవల వచ్చి పడింది. కార్మికుల క్లబ్బులో లైబ్రరీ సర్దుతూ అక్కర్లేని పుస్తకాలు మాకు పంపితే, వాటిలో ఇటుకంత లావున్నది అదొక్కటే. అట్ట చిరిగిపోయింది. కథంతా ఒక గని ప్రమాదం. లోపల పొగలో చిక్కుకున్న వాళ్లు, పైన గేటు దగ్గర కూర్చున్న వాళ్ల ఆడవాళ్లు, ఒక్కొక్క ఇల్లూ కూలిపోయిన తీరు. మొదట్లో నేను తప్పులు పట్టడానికే చదివాను. మాస్కు బిగించుకున్న మనిషి నోటి నుంచి ముక్కుతూ మూలుగుతూ రెండు మాటలు వస్తే గొప్ప, ఆ రచయిత హీరో చేత ఏకంగా ఉపన్యాసం ఇప్పించాడు. పెన్సిలుతో గీత గీసి నవ్వుకున్నాను. తర్వాత తర్వాత గీతలు గీయడం మానేశాను. చివరికి ఒక అధ్యాయం దగ్గర పుస్తకం మూసి, ఇంత ఏడిపించడానికి ఈయనకు మేమేం పాపం చేశామని తిట్టుకున్నాను.

ఆ సమయంలోనే రజిత శిక్షణకు వచ్చింది. మా స్టేషన్‌లో రెస్క్యూకు ముందుకు వచ్చిన మొదటి ఆడమనిషి. చిన్నప్పుడే తండ్రి వేరే ఏరియాలో ఒక గనిలో పొగకు చనిపోతే, పెద్దయ్యాక వారసురాలిగా కంపెనీలో చేరింది. బరువులు మోయడంలో, పాకడంలో, ప్రథమ చికిత్సలో ఎవరికీ తీసిపోదు. ఆమె చిక్కంతా గ్యాలరీలో వచ్చింది.

గ్యాలరీ అంటే గని దారిలాగే కట్టిన పొడవాటి సొరంగం. లోపల వేడి, ఆవిరి, పొగ పెడతాం. అద్దాల కిటికీల్లోంచి పరీక్షకులు చూస్తుంటారు. జట్టులో ప్రతి మనిషి వీపు మీదా ఆక్సిజన్ సెట్టు, ఛాతీ మీద గేజి. సీసాలో ఎంత మిగిలిందో గేజి చెబుతుంది. కెప్టెన్ మధ్యమధ్య జట్టును ఆపి అందరి గేజీలూ చూస్తాడు. అందరికంటే తక్కువ ఎవరికి ఉంటే వాళ్లదే జట్టు మొత్తానికి గేజి. వాళ్ల ముల్లు తిరుగుప్రయాణం గీతకు దిగితే, మిగతావాళ్లకు నిండుగా ఉన్నా అందరూ కలిసి వెనక్కి తిరగాలి. ఎవరికైనా ఒంట్లో తేడా చేసినా అంతే. రెస్క్యూలో దీన్ని మించిన నియమం లేదు.

మొదటి పరీక్షలో రజితకు వేడికి తల తిరిగింది. కెప్టెన్ అడిగితే బొటనవేలు ఎత్తి బాగున్నానని చూపింది. నాలుగడుగులు వేసి పడిపోయింది. పొగలోంచి మిగతావాళ్లు ఆమెను మోసుకు రావలసి వచ్చింది. దవాఖానలో డాక్టరు చూసి, భయం లేదు, ఇంకొక్క అవకాశం ఇవ్వొచ్చని రాశాడు. అందులోనూ తప్పితే తిరిగి పాత పనికి పంపించేయాల్సిందే.

ఎందుకు దాచావని పిలిచి అడిగాను. తండ్రి కోసం వెళ్లిన మొదటి రెస్క్యూ జట్టు ఆయన దగ్గర దాకా పోయి వెనక్కి వచ్చిందట. రెండోసారి చేరేసరికి ఆయన లేడు. మీ నాయనను ఇడిచిపెట్టి వచ్చిండ్రు అని తల్లి ఇప్పటికీ అంటుందట. అంతా చెప్పి రజిత ఒక మాట అంది.

“నేనైతె వాపసు రాను సార్. అందుకే ఈ పనికి వచ్చిన.”

అలా అయితే నువ్వు ఈ పనికి పనికిరావని మొహం మీదే చెప్పాను. ఆమె దండం పెట్టి వెళ్లిపోయింది. నేను చెప్పింది ముమ్మాటికీ నిజం, కానీ దానివల్ల కాణీ ప్రయోజనం లేదు. గోడకు చెప్పినట్టే.

ఆ వారమే బీరువా సర్దుతుంటే నవల చేతికొచ్చింది. నేను ఆపిన పేజీలో గుర్తుగా పెట్టింది బస్సు టికెట్టు. చూస్తే దాని ముందూ వెనకా ఇంకా గుర్తులున్నాయి. అగ్గిపుల్ల, బీడీకట్ట కాగితం, మాత్రల అట్టముక్క, తలకు పెట్టుకునే క్లిప్పు. అందరి ముందూ క్యారమ్ ఆడుకుంటూ, ఎవరూ లేనప్పుడు ఒకరికి తెలియకుండా ఒకరు ఈ పుస్తకం చదువుతున్నారు. నవ్వొచ్చింది. ఆ గుర్తులన్నీ ఎక్కడున్నాయో చూశాక నవ్వు పోయింది. అందరం ఆగింది ఒకే అధ్యాయంలో. చిక్కుకున్న మనిషి రాయితో కొడుతున్న చప్పుడు వినబడుతుండగా, గేజి అయిపోయి రెస్క్యూ జట్టు వెనక్కి తిరిగే చోటు.

మర్నాడు స్టాండ్‌బైలో నవల పైకి చదువుతామని ఆర్డరు వేశాను. కెప్టెన్ కొమురయ్య, జట్టులో అందరికంటే పెద్దవాడు, ఇదేం డ్యూటీ అన్నట్టు చూశాడు. నియమం మాత్రం గనిలోదే పెట్టాను. ఒక్కరు కూడా ముందుకు పోయి చదవకూడదు. ఎవరికి కష్టమనిపిస్తే వాళ్లు చెయ్యెత్తాలి. చెయ్యి లేస్తే పుస్తకం మూసేస్తాం, ఎందుకని అడగం. డ్యూటీ అయ్యాక పుస్తకం బీరువాలో తాళం.

కొన్నాళ్లు ఒక్క చెయ్యీ లేవలేదు. గొంతు సవరించుకోవడాలు, కంట్లో నలక పడడాలు మాత్రం బాగా జరిగాయి. రెండో పరీక్ష దాకా స్టేషన్‌లోనే ఉన్న రజిత అందరికంటే మొండి. రాతిబొమ్మలాగా కూర్చునేది. ఆ అధ్యాయం వచ్చిన రోజు మధ్యాహ్నం నేనే చదువుతున్నాను. జట్టు వెనక్కి తిరగగానే ఒక చెయ్యి లేచింది. కొమురయ్యది.

పుస్తకం మూశాను. నియమం ప్రకారం ఎవరూ అడగలేదు. ఆయనే రజిత వైపు తిరిగాడు.

“బిడ్డా, మీ నాయన కోసం గీ స్టేషన్ నుంచి పోయిన మొదటి టీముల నేనున్న. గా దినం తక్కువున్న గేజి నాదే.”

రజిత కుర్చీ ఆయన వైపు జరుపుకుంది. మాట మెల్లగా వచ్చింది.

“మరి మల్ల పోయిండ్రా కాకా?”

“పోయిన. సెట్టు మార్చుకొని పోయిన. మీ నాయనను బయటికి తెచ్చిన స్ట్రెచర్ ముందల కొస పట్టింది నేనే. మల్ల పోవాల్నంటె వాపసు రావాలె గద బిడ్డా.”

ఆమె ఏడ్చింది. మొహం కప్పుకోకుండానే ఏడ్చింది. నేను పుస్తకం తాళం వేయడానికి లేస్తుంటే చెయ్యెత్తి, “రేపు గూడ వద్దు సార్. ఎల్లుండి సదువుదాం,” అంది. నా ఎదుట ఆమె దేన్నైనా ఆపమనడం అదే మొదలు. అన్నట్టే మూడోనాడు వచ్చి, మిగిలిన అధ్యాయం తనే పైకి చదివింది.

రెండో పరీక్షకు మంచిర్యాల వైపు నుంచి పరీక్షకుడు వచ్చాడు. గ్యాలరీ చివర గడ్డి కూరిన బొమ్మను చిక్కుకున్న మనిషిగా పడుకోబెట్టాం. కిటికీ దగ్గర నేను నిలబడ్డాను. జట్టు పాకుతూ సగానికి పైగా పోయింది. బొమ్మ కాళ్లు కనబడుతున్నాయి. అప్పుడు రజిత ఆగింది. ముందున్న కొమురయ్య భుజం పట్టి, తన గేజి ఆయన మొహానికి ఎదురుగా పెట్టింది. ఆయన చేతిలోని హారన్ నొక్కాడు. జట్టు జట్టంతా వెనక్కి తిరిగింది.

బొమ్మ కళ్ల ముందుంటే తిరిగి వచ్చారేమని పరీక్షకుడు కనుబొమలు ముడిచాడు. సెట్టు విప్పి చూస్తే, పాకేటప్పుడు రాయికి తగిలి గొట్టం జాయింటు వదులైంది. ఆక్సిజన్ కారిపోతోంది. ఇంకో పది అడుగులు మొండికేసి ఉంటే గ్యాలరీలో మోసుకురావలసిన వాళ్లు ఇద్దరయ్యేవాళ్లు. ఆయన ముడి విప్పుకుని, సరే, ఇప్పుడేం చేస్తావని అడిగాడు. రజిత అప్పటికే వేరే సెట్టు భుజాన వేసుకుంటోంది.

“మల్ల పోతం సార్. అందుకే గద వాపసు వచ్చింది.”

పోయారు. బొమ్మను తెచ్చారు. స్ట్రెచర్ ముందు కొస రజిత చేతిలో ఉంది. తలుపు దాటగానే మాస్కులు పీకి అందరూ ఒకటే అరుపులు. కొమురయ్య నోట్లో వేళ్లు పెట్టి ఈల వేశాడు. స్టేషన్‌లో ఈల వేస్తే చీవాట్లు పెట్టే నేనే, ఆ రోజు ఇంకోటి వెయ్యమన్నాను. పరీక్షకుడు పాస్ అని రాసి సంతకం పెట్టాడు. నా సర్వీసులో ఎన్నో సంతకాలు చూశాను. అంత సంతోషం దేనికీ కలగలేదు.

నవల కూడా పూర్తి చేశాం. అయిపోయిన రోజు చప్పట్లు కొట్టాం, పుస్తకం గొప్పదనానికో, బతికి బయటపడ్డందుకో తెలియదు. మంచిగ రాసిండు, మల్ల మాత్రం ముట్ట అన్నాడు కొమురయ్య. నా అభిప్రాయం ఇప్పటికీ ఒక చోట నిలవదు. అంత దుఃఖం ఒక్క పుస్తకంలో కుక్కే హక్కు ఎవరిచ్చారని ఆ రచయితను నిలదీయాలనిపిస్తుంది. మరుక్షణం చేతులు పట్టుకోవాలనిపిస్తుంది. ఎవరైనా అడిగితే చదవమనే చెబుతాను, ఒంటరిగా మాత్రం వద్దంటాను.

రజిత ఇప్పుడు ఆ జట్టుకు వైస్ కెప్టెన్. నేను సర్వీసంతా గేజి ఎలా చూసుకోవాలో నేర్పాను. దాన్ని పక్కవాళ్లకు చూపించడం కూడా నేర్పాలని చివరి పోస్టింగులో తెలిసింది. ముల్లు దిగినప్పుడు చూపించిన మనిషితోనే రెండోసారి లోపలికి పోవచ్చు.