లొట్ల పొగగొట్టం

మా పక్కింటి కొమురక్కకు రెండు పట్టుదలలు. ఒకటి, తడి కట్టెను పొయ్యి దగ్గరికి కూడా రానివ్వదు. రెండోది చెప్పాలంటే ముందు ఆమె పొగగొట్టం సంగతి చెప్పాలి.

మాది కోరుట్ల పక్కన పల్లె. కొమురక్క భర్త జలపతి బావ తాళ్లు గీసి కల్లు తీసేవాడు. పాతబడిన కల్లు లొట్లకు అడుగులు కొట్టేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, మట్టి మెత్తి, పొయ్యి మీంచి పెంకుల కప్పు దాటేదాకా గొట్టం కట్టాడు. సెగ తగలకుండా వాసాలకూ గొట్టానికీ మధ్య జానెడు సందు వదిలి, అందులో మట్టి నింపాడు. కల్లు కుండల్లో పొగ పోయించేవాణ్ని ఈయన్నే చూశామని ఊరంతా నవ్వింది. పొగ మాత్రం బుద్ధిగా పైకి పోయేది. మా ఇంట్లో పొగ నా కళ్లలోకే వచ్చేది కాబట్టి నేను నవ్వలేదు, కుళ్లుకున్నాను.

తాటాకుల కట్టకు రాయి కట్టి, తాడుతో పైనుంచి దింపి, నెలకోసారి బావే మసి దులిపేవాడు.

వానల్లేక తాళ్లు ఎండిపోయిన కరువులో బావ మస్కట్ పోయాడు. ఆయన్ని బస్సెక్కించి వచ్చిన రోజు కొమురక్క చీపురు పట్టలేదు. మనిషి పోయిన వెంటనే ఇల్లు ఊడిస్తే ఆ మనిషిని ఊడ్చేసినట్టేనని మా దగ్గర నమ్మకం. మర్నాడు నేల ఊడ్చింది గానీ, నెల దాటినా గొట్టం జోలికి పోలేదు.

"ఏందక్కా, మసి దులపవా?" అని అడిగాను.

"ఆయన కట్టిండు, ఆయనే దులిపేటోడు. ఆయన ఇంటికొచ్చేదాక నేను ముట్ట. ఊడ్చినట్టయితది."

"పొగగొట్టానికి గూడ గీ పట్టింపులేంది?"

"నీ మొగడు ఊళ్లనే ఉన్నడు. నీకేం తెలుసు?"

నాకు ఒళ్లు మండింది. కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. కానీ ఆ భయం నిజమైనదే, అది నాకూ తెలుసు.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. తడిసిన తాటిమట్టలు సరిగ్గా మండక, మసి బంకలా గొట్టానికి పట్టింది. పొగ ఇంట్లోకే తిరగబడటం మొదలైంది. గొట్టం పూడుతోందని మొత్తుకున్నాను. చెవిటోని ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఒక పొద్దున ఆమె మక్కగటక వండుతుంటే గొట్టంలో లారీ వస్తున్నట్టు హోరు లేచింది. బయటికి ఉరికి చూస్తే గొట్టంలో మసి అంటుకుని పైనుంచి నిప్పురవ్వలు. నేను బిందె ఎత్తుకుని పరుగెత్తాను.

"నీళ్లు పొయ్యకు రాధా. లొట్లు పగుల్తయి, మంట వాసాలకెక్కుతది. ఆయన చెప్పిండు."

నేను బిందె దించేశాను. ఆమె పొయ్యిలో కట్టెలన్నీ వాకిట్లోకి లాగేసింది. గోనెసంచి తడిపి పొయ్యి నోరు మూసింది. గాలి అందక హోరు మెల్లగా చల్లారింది. ఒక లొట్టి నెర్రెబారింది. ఆ జానెడు మట్టి వల్ల వాసాలకు సెగ తాకలేదు. అంతా అయ్యాక వాకిట్లో కూలబడి ఏడ్చింది.

ఆదివారం బావ ఫోన్ చేస్తే దాచకుండా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

"నేను గింత దూరం అచ్చింది గా ఇంటి కోసమే గదనే," అన్నాడు బావ. "నన్ను కాపాడదామని ఇల్లునే కాలవెడ్తవా? నా చెయ్యే అనుకొని దులుపు."

మర్నాడు పొయ్యి చల్లగా ఉండగా నిచ్చెన వేసింది. నేను కింద పట్టుకున్నాను, నోటికొచ్చినట్టు తిడుతూనే. గంపెడు మసి రాలింది. పగిలిన లొట్టి మార్చి మట్టి మెత్తాం. పొయ్యి ముట్టిస్తే పొగ తిన్నగా పైకి పోయింది. నల్లటి ముఖంతో ఆమె పకపకా నవ్వింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

బావ వచ్చాడు, కొన్ని నెలలుండి మళ్లీ పోవాల్సి వచ్చింది. ఈసారి ఆయన్ని బస్సెక్కించి వచ్చిన కొమురక్క చీపురు ముట్టలేదు. తాటాకుల కట్ట తీసుకుని నేరుగా నిచ్చెనెక్కింది. ఇదీ ఆమె రెండో పట్టుదల.

"బస్సు ఇంకా కోరుట్ల గూడ దాటలే గదక్కా," అన్నాను, ఈసారి నేనే భయపడి.

"ఆయన తిరిగొస్తందుకు ముందుగాల ఇల్లుండాలె గద. నిచ్చెన గట్టిగ వట్టు."

పట్టుకున్నాను.