హేజెల్ గారి 'కదా'

మొన్న టికెట్ డేట్ మార్చుకోవడానికి ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేస్తే, అవతలి అమ్మాయి "ఇవాళ చలి మరీ ఎక్కువగా ఉంది, ఎహ్?" అంది. మాట చివర ఆ 'ఎహ్' వినగానే కెనడా అమ్మాయని తెలిసిపోయింది. అది చెవిన పడి చాలా ఏళ్ళయింది. కాసేపు టికెట్ సంగతే మరిచిపోయాను.

2008లో నేను అమెరికాలో, న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో, ఉద్యోగం చేసే వీల్లేని డిపెండెంట్ వీసా మీద, చంటి పిల్లాడితో ఉండేదాన్ని. ఊసుపోక లైబ్రరీలో కథలు రాయడం నేర్పే క్లాసులో చేరాను. నేర్పేది హేజెల్ గారు. కెనడాలో గోధుమ పొలాల మధ్య పెరిగి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చిన డెబ్బై ఏళ్ళ మనిషి. కథల పుస్తకాలూ, కవితా సంపుటాలూ వేశారు. మెచ్చుకోవడంలో మాత్రం మహా పిసినారి. నా ఇంగ్లీషు కథ చదివి, "తప్పుల్లేవు. మనుషులూ లేరు," అన్నారు. ఒళ్ళు మండి, ఇక రానని చెప్పేశాను. ఈ దేశంలో నాదంటూ ఉన్న పని అదొక్కటే. అదీ పోయిందనుకుంటే ఏడుపొచ్చింది.

ఆవిడ తొణకలేదు. "పిల్లాణ్ణి ఏ భాషలో తిడతావు?" అని అడిగారు.

"తెలుగులో."

"అయితే వచ్చే వారం అందులో రాసుకురా."

ఇంట్లో చెబితే మా ఆయన నవ్వారు. "ఆవిడకి తెలుగు రాదు కదా, ఏం కరెక్ట్ చేస్తుంది?" నాకూ అదే అనుమానం. అయినా మా అమ్మా, పిన్నీ కుట్టుమిషన్ కోసం పోట్లాడుకున్న కథ రాసి, తీసుకెళ్ళి చదివాను. హేజెల్ గారు కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు.

"మాటల చివర ఒకటే వినిపిస్తోంది. కదా, కదా. ఏమిటది?"

"మీనింగ్ పెద్దగా ఏం లేదు మేడమ్. ఎదుటివాళ్ళని మన మాటలో కలుపుకోవడం, అంతే."

"మా 'ఎహ్' అన్నమాట." అమెరికా వచ్చిన కొత్తలో అందరూ నవ్వుతున్నారని ఆవిడ 'ఎహ్' అనడం మానేశారట. "దాంతోపాటు మా నాన్న గొంతు కూడా నా కథల్లోంచి పోయింది. వెనక్కి తెచ్చుకోవడానికి రెండు పుస్తకాలు పట్టింది. నువ్వా పని చేయకు," అన్నారు. ఆ తర్వాత నేను రాసిందంతా తెలుగులోనే.

కొన్నేళ్ళకి ఆవిడ మంచాన పడ్డారని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. బయట మంచు కురుస్తోంది. ఆవిడ మాట తడబడుతోంది. "చలిగా ఉంది," అని ఇంగ్లీషులో అని, కాస్త ఆగి, "కదా?" అన్నారు. "ఎహ్," అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ చలికాలం దాటకుండానే ఆవిడ పోయారు.

ఇప్పుడు నా కథలు హైదరాబాద్‌లో అచ్చవుతున్నాయి. 'కదా'లు ఎక్కువయ్యాయని ఎడిటర్ గారు కొట్టేసి పంపిస్తారు. నేను మళ్ళీ పెట్టి పంపిస్తాను. ఆయన విసుక్కుంటారు. ఏం చేయను, మా పిన్ని అలాగే మాట్లాడేది కదా.