తలనొప్పి మాత్రలు

యశోదమ్మ పదకొండేళ్ళుగా నెలకొక శుక్రవారం తిరుచానూరు పోయివచ్చేది. వడమాలపేట దగ్గరున్న వాళ్ళ ఊళ్ళో ఆమె భక్తి గురించి చెప్పుకోని ఆడది లేదు. కొందరు తమ తరఫున కూడా అమ్మవారికి పసుపు, గాజులు ఇచ్చి పంపేవాళ్ళు. దర్శనం చేసుకునే మాట నిజమే. కాకపోతే అంతకుముందు పొద్దున్నంతా తిరుపతి పెద్దాసుపత్రి వరండాలో నిలబడి, డాక్టరు తలెత్తకుండా రాసిచ్చే చీటీ ఒకటి తీసుకునేది. ప్రతి నెలా అదే చీటీ, అవే మాత్రలు. మూర్ఛకు వాడే మాత్రలవి. నిద్రమాత్రల జాతివట, చీటీ లేకుండా ఏ షాపువాడూ ఇవ్వడు.

ఆ సంగతి ఆమెకూ, భర్త వరదయ్యకూ తప్ప ఊళ్ళో మూడో మనిషికి తెలియదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి వంటింట్లో పడిపోతే, వరదయ్య తలుపు గడియ పెట్టి ఆమె తేరుకునేదాకా పక్కనే కూర్చున్నాడు. తర్వాత ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. అట్లాంటి మొగుళ్ళు ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు. మాత్రలు మొదలుపెట్టాక పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా మూర్ఛ రాలేదు. అయినా దాచడం మానలేదు. ఒకసారి దాచడం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో ఎవరికి తెలుస్తుంది?

బడిలో మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు వంటకు ముందుకొచ్చింది యశోదమ్మే. మామిడితోట ఉన్న ఇంటి కోడలు బడిలో గరిటె పట్టుకోవడమేమిటని బంధువులు మూతులు తిప్పుకున్నారు. ఆమె వినలేదు. వాళ్ళకు పిల్లల్లేరు. నూట ఇరవై మంది పళ్ళేలు పట్టుకుని "పెద్దమ్మా, ఇంకొంచెం సాంబారు" అని మూగే ఆ గంటసేపు ఆమె ముఖం చూడాలి. ఎవరికి పులుపు పడదో, ఎవరు గుడ్డు తినకుండా చెల్లెలికి దాచుకుంటారో ఆమెకు తెలుసు. ఆ ఒక్క గంట కోసమే మిగతా రోజంతా గడిపేది.

శుక్రవారాలతోనే తంటా వచ్చింది. ఆమె లేని రోజు వంటకు ఇంకొకరిని వెతుక్కోవాలి. హెడ్మాస్టరు సణగడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే, రెండువేల నాలుగులో, పంచాయతీ ఆఫీసు గదిలో ఎవరో పుణ్యాత్ములు ఒక టీవీ, కెమెరా పెట్టించారు. మిద్దె మీద పెద్ద డిష్. మంగళవారం మంగళవారం మద్రాసు డాక్టరు ఆ టీవీలోకి వచ్చి ఊరివాళ్ళను చూస్తాడు. పుత్తూరులో కంపౌండరుగా చేసి మానేసిన హరినాథ్ అక్కడ కూర్చుని అన్నీ చూసుకునేవాడు.

"మామూలు మందులకి బస్సెక్కి పోయేదెందుకక్కా? టీవీ ముందర కూసుంటే చాలు, చీటీ ఈడనే అచ్చయి వస్తాది" అన్నాడు హరినాథ్ ఒకరోజు, ఊరికే అందరితో అన్నట్టే.

ఆ మాట ఆమె మనసులో పడింది. వరదయ్యకు మాత్రం నచ్చలేదు. "ఆడ జనం ఉంటారు, వద్దులేమే" అన్నాడు.

"తలనొప్పి అని చెప్తా. పాత చీటీ సూపిస్తే అదే రాసిస్తాడు. ఆ గీతలు ఎవురికి అర్థమవతాయి?"

డాక్టర్లకు అర్థమవుతాయి. ఆ సంగతి ఆమెకు తట్టలేదు.

మంగళవారం బడి గిన్నెలు కడిగేసి పోయింది. గదిలో సినిమా హాలులో మాదిరి బెంచీలు వేసి ఉన్నాయి. సగం మంది జబ్బులతో వచ్చారు, సగం మంది చూడ్డానికి వచ్చారు. మొదటి బెంచీ మీద పక్కింటి కుప్పమ్మ మోకాలు పట్టుకుని కూర్చుంది. మాట సరిగ్గా అందడం లేదని హరినాథ్ స్పీకరు సౌండు పూర్తిగా పెంచి పెట్టాడు.

"తలనొప్పి సార్. ఈ మాత్రలే వాడతా ఉండా" అని యశోదమ్మ చీటీని కెమెరా ముందు పట్టుకుంది.

డాక్టరు కళ్ళద్దాలు సరిచేసుకుని చదివాడు. మంచి డాక్టరే. మంచివాడు కాకపోతే గుడ్డిగా రాసిచ్చి పంపేవాడు.

"ఇది తలనొప్పికి కాదమ్మా. మూర్ఛకు ఇచ్చేది. మీకు ఫిట్స్ వస్తాయా?"

వెనక బెంచీల వాళ్ళు మెడలు చాచారు. యశోదమ్మ లేదన్నట్టు తల ఊపింది.

"అయితే మీరు ఇది వాడకూడదు. నేను రాయను."

ఇంట్లో రెండు మాత్రలే ఉన్నాయి. ఉన్నట్టుండి ఆపితే మళ్ళీ పడిపోతావని మొదటి రోజే ఆసుపత్రిలో చెప్పారు. పడిపోతే బడి పొయ్యి దగ్గరే పడిపోవచ్చు, చుట్టూ పిల్లలు ఉండగా. ఆమె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వస్తాయి సార్."

"వినపడలేదమ్మా, గట్టిగా చెప్పండి."

"నాకు మూర్ఛ ఉండాది సార్."

"మరి చెప్పడానికేం? సిగ్గుపడాల్సిన జబ్బు కాదు ఇది" అన్నాడు డాక్టరు, గది అదిరేటట్టు. వెనక బెంచీ నుంచి ఎవరో "కాకిసొమ్మ" అని పక్కవాళ్ళకు అర్థం చెప్పారు. చీటీ అచ్చయి వచ్చింది. నిజంగానే చాలా సులువుగా వచ్చింది.

మరునాడు ఇరవై మంది పిల్లలు ఇంటినుంచి క్యారియర్లు తెచ్చుకున్నారు. ఆ మరునాడు యాభై మంది. శనివారం హెడ్మాస్టరు ఆమెను పక్కకు పిలిచాడు.

"నీ మంచికే చెప్తా ఉండానమ్మా. పొయ్యి కాడ పని. అంతంత గుండిగలు. రేపు ఏమన్నా అయితే ఎవురు జవాబు చెప్పాల?"

"పదకొండేండ్లుగా రాలేదు సార్."

"ఇన్నేండ్లు చెప్పకుండానే ఉంటివి గదమ్మా. ఇప్పుడు రాలేదంటే ఎట్ల నమ్మేది?"

యశోదమ్మ గరిటె కడిగి గుండిగలో పెట్టి ఇంటికి వచ్చేసింది. ఊళ్ళో ఒక్కరు కూడా ఆమెను తిట్టలేదు, వెలివేయలేదు. తిట్టి ఉంటే తిరిగి తిట్టి కడుపుమంట చల్లార్చుకునేది. అందరూ జాలిపడ్డారు. గరిటె కుప్పమ్మ చేతికి పోయింది. పాపం, కుప్పమ్మ కూడా ఏడుస్తూనే తీసుకుంది.

తర్వాతి నెల యశోదమ్మ మళ్ళీ టీవీ ముందు కూర్చుంది. ఇప్పుడు దాచేదేమీ లేదు. హరినాథ్ ఆమెకు ముందు వరసలో చోటిచ్చాడు.

"మళ్ళీ పడిపోలేదు కదా? పొయ్యి దగ్గర, నీళ్ళ దగ్గర ఒంటరిగా పని చేయడం లేదుగా?" అన్నాడు డాక్టరు.

"ఏ పనీ చేయడంలేదు సార్."

"చాలా మంచిది. మూడు నెలలకు రాసిస్తున్నాను. మీరు శ్రమపడి రానక్కర్లేదు, ఇకనుంచి హరినాథ్ చీటీ ఇంటికే తెచ్చిస్తాడు."

ఇంటికి వచ్చి నడవలో కూర్చుంది. బడిలో అన్నం గంట కొట్టారు. వరదయ్య తోటనుంచి వచ్చి, చీటీ ఇచ్చారా అని అడిగాడు.

"ఇచ్చినారు. ఇంక నేను యాడికీ పోయే పనే లేదంట" అంది యశోదమ్మ.