పంటికింద సినిమా

ఆ పళ్ళ డాక్టరుకి ఒకటే పిచ్చి. సినిమా గురించి చెప్పకుండా పన్ను పీకలేడు.

సినిమా అంటే అన్ని సినిమాలూ కాదు, ఉంగరాల జుట్టు హీరోవి మాత్రమే. నుదుటి మీద ఒక ఉంగరం పడేసుకుని ఒక తరం మొత్తాన్ని ఏలిన హీరో ఆయన. హోటల్లో కాఫీ కప్పు అందించి మాయమైపోయే మొదటి వేషం దగ్గర్నుంచి, మనవరాలి పెళ్ళి చేసి కన్నుమూసే తాతగారి ఆఖరి వేషం దాకా, ఆయన సినిమాలన్నీ వరసలో చూసి, ఒక్కటి కూడా వదలకుండా తీర్పు చెప్పాలని డాక్టరు కంకణం కట్టుకున్నాడు. ఆదివారానికో సినిమా. ఈ పని చెయ్యమని అతన్ని ఏ పత్రికా అడగలేదు. ఏ పత్రికకీ అతను రాయలేదు కూడా. అన్నీ నోటితోనే చెప్పేవాడు. అదీ, కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుచుకుని, తిరిగి మాటనలేని స్థితిలో ఉన్నవాళ్ళకి.

“మొన్న ఆదివారం కవలపిల్లల సినిమా చూశానండీ. ఇంకాస్త పెద్దగా తెరవండి. అన్న వేషం, తమ్ముడి వేషం రెండూ ఆయనే కదా, ఎవరికీ అన్యాయం చెయ్యకుండా రెండూ సమానంగా పాడుచేశాడు. మీరేమంటారు?”

“ఆఁ... ఆ ఆ...”

“అదే, నేనూ అదే అన్నాను మా ఆవిడతో.”

తీర్పులన్నీ ఇలాగే తలకిందులుగా ఉండేవి. ఊరు ఊరంతా టిక్కెట్ల కోసం చొక్కాలు చింపుకున్న గుర్రం సినిమా గురించి అడిగితే, “అందులో నటించింది గుర్రం ఒక్కటే” అనేవాడు. ఇంటర్వెల్‌కి ముందే జనం లేచిపోయిన సినిమాని పట్టుకుని, “అబ్బ! ఏం కళాఖండమండీ!” అని, చేతిలో పట్టకారుతో సహా దణ్ణం పెట్టేవాడు. బయటికొచ్చినవాళ్ళు దవడ పట్టుకుని, “డాక్టరు హస్తవాసి బంగారమే కానీ, ఆ సినిమా బుర్ర మాత్రం చిల్లుకుండ” అనుకుంటూ వెళ్ళేవారు. అయినా మళ్ళీ పన్ను నొప్పి వస్తే ఆ గుమ్మమే తొక్కేవారు. ఎందుకో వాళ్ళకే తెలిసేది కాదు.

ఈ తీర్పులకి అందరికంటే ఎక్కువ ఒళ్ళుమండింది డాక్టరుకి పిల్లనిచ్చిన మామగారికి. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలినా గొంతు వదల్లేదు. వంటింట్లో ఉన్న కూతుర్ని కాఫీ అడిగితే, వీధిలో పోయేవాళ్ళు తమనే పిలిచారనుకుని ఆగేవారు.

ఉంగరాల హీరో అంటే ఆయనకి ప్రాణం. సర్వీసులో ఉండగా ఒకసారి ఎవరో ప్రయాణికుడు పక్కవాడితో, “ఆ హీరోకి డాన్సు రాదు” అన్నాడు. కండక్టరుగారు విజిలేసి బస్సాపి, అతన్ని దింపేశారు. బస్సు కాస్త దూరం పోయాక వెనక అద్దంలోంచి చూస్తే, పాపం వానలో తడుస్తూ నిలబడ్డాడు. మళ్ళీ విజిలు. బస్సు వెనక్కొచ్చింది.

“ఎక్కు! డాన్సు రాదన్న మాట వెనక్కి తీసుకుని ఎక్కు.”

“తీసుకున్నానండీ.”

“రైట్, పోనీ!”

అలాంటి మనిషి, సంబంధం మాట్లాడడానికొచ్చిన పెళ్ళికొడుకుని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. “ఉంగరాల హీరో సినిమాలు చూస్తావా బాబూ?”

“ఆదివారానికోటి చూస్తానండీ” అన్నాడు డాక్టరు.

ఇంక చదువూ సంపాదనా ఏమీ అడగలేదు. పిల్లనిచ్చేశారు. పెళ్ళయిన వారానికి, అల్లుడు భోజనాల దగ్గర గుర్రం గురించి తన అభిప్రాయం చెప్పేసరికి, మామగారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“ఇదన్యాయం. చూస్తావా అని అడిగానే కానీ, చూసి ఏమంటావని అడగలేదు. తప్పు నాదే” అన్నారు కూతురితో.

క్లినిక్కు కింద, కాపురం పైన. పక్కవీధిలో ఉండే కండక్టరుగారు రోజూ పొద్దున్నే కాఫీకి వచ్చి, క్లినిక్కు తలుపు వైపు చూడకుండా మొహం తిప్పుకుని మేడమెట్లు ఎక్కేవారు. “నా హీరోని అంత మాటన్న చోట నేను అడుగుపెట్టను” అని ఆయన ఒట్టు. వినేవాళ్ళకి అది అభిమానంలా వినిపించేది. అసలు సంగతి వేరు. పరిగెత్తే బస్సు ఫుట్‌బోర్డు మీద ఒంటికాలి మీద ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ మనిషికి సూదంటే భయం. డ్రిల్లు చప్పుడు మేడ మీదికి వినిపిస్తే చాలు, “ఏదో పనుంది” అని లేచి ఇంటికెళ్ళిపోయేవారు.

దేవుడు ఊరుకుంటాడా? ఆయన కుడి దవడ పన్ను సలపడం మొదలెట్టింది. మొదట లవంగం పెట్టుకున్నారు. తరవాత ఎడమ వైపే నమిలారు. కాఫీ తాగేటప్పుడు తల పక్కకి వాల్చి, నీళ్ళు తాగే కోడిపుంజులా తాగడం చూసి కూతురు పట్టేసింది.

“నాన్నా, కింద ఆయన ఖాళీగానే ఉన్నారు. ఒక్కసారి చూపించుకో.”

“చూపించుకుంటే ఏం చేస్తాడు? పన్ను పీకుతూ పీకుతూ మా హీరో పరువు కూడా పీకుతాడు. నాకక్కర్లేదు.”

“పోనీ వేరే డాక్టరు దగ్గరికి వెళ్దామా?”

“ఇంట్లో డాక్టర్ని పెట్టుకుని వేరేవాడి దగ్గరికా? జనం నవ్విపోరూ!”

అటు నుయ్యి, ఇటు గొయ్యి. మధ్యలో పన్ను మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

చివరికి ఒక మధ్యాహ్నం నొప్పి చెవిలోకి పాకేసరికి ఒట్టు గట్టున పెట్టి వెళ్ళి, వెయిటింగ్ రూములో మూలకుర్చీలో కూర్చున్నారు. ఒక మాత్ర అడిగి పుచ్చుకుని వెళ్ళిపోవాలని ఆయన పథకం. లోపలి గదికీ ఆ గదికీ మధ్య ఉన్నది సగం గోడే కాబట్టి, మాటలన్నీ వినిపిస్తున్నాయి.

లోపల బేకరీ ఆసామి ఉన్నాడు. ఉంగరాల హీరో పుట్టినరోజుకి దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ కేకు ముక్కలు పంచేవాడు. వణుకుతున్న కాళ్ళు కుర్చీకి తగిలి టకటకమంటున్నాయి.

“ఈ వారం కోర్టు సినిమా చూశానండీ” అంటున్నాడు డాక్టరు. “బోనులో హీరోని నిలబెట్టారు. కాసేపటికి బోను ఏదో, హీరో ఏదో తెలియలేదు నాకు. రెండూ కొయ్యే కదా.”

“ఏంటీ! కొయ్యా? ఆ సీనుకి హాల్లో ఏడవనివాడు లేడండీ! మా నాన్న...”

“ఏడ్చారా? సీటులో మేకు గుచ్చుకుందేమో.”

“డాక్టరుగారూ, మాటలు తిన్నగా రానీయండి! నేను ఆ సినిమా...”

“అయిపోయింది. ఉమ్మేయండి.”

“ఏమయిపోయింది?”

“సూది. ఇందాకే ఇచ్చేశాను.”

మూలకుర్చీలో కండక్టరుగారు పళ్ళు నూరబోయి, నొప్పి గుర్తొచ్చి ఆగిపోయారు. కొయ్యట! కోర్టు సినిమాలో మా హీరో కొయ్యట!

తరవాత లోపలికెళ్ళింది లెక్కల టీచరమ్మ. ఆవిడకి ఉంగరాల హీరో అంటే ఎంత అసహ్యమంటే, పోస్టరు కనబడితే రోడ్డుకి అటువైపు వెళ్ళి నడిచేది. ఆవిడ కూడా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

“ఈ వారం కోర్టు సినిమా చూశానమ్మా” అంటున్నాడు డాక్టరు. గొంతులో తడి. “ఆ బోనులో నిలబడి ఆయనొక చూపు చూస్తాడండీ... అలాంటి నటుడు మళ్ళీ పుట్టడు.”

“ఎవరు, ఆ ఉంగరాలాయనా? చూపా అది? బస్సు తప్పిపోయినవాడి చూపు!”

“అలా అనకండమ్మా. నేను రెండు జేబురుమాళ్ళు తడిపేశాను.”

“మీ మతి పోయింది. మా బ్లాక్‌బోర్డు నయం, దానిమీద కనీసం ఏదో ఒకటి కనిపిస్తుంది. అతని మొహంలో...”

“అయిపోయిందమ్మా. ఉమ్మేయండి.”

కండక్టరుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. హీరోని తిట్టేవాణ్ణి ఎలాగో భరించవచ్చు. ఒక సినిమాకి ఇద్దరి దగ్గర రెండు తీర్పులు చెప్పేవాణ్ణి ఎలా భరించడం? టీచరమ్మ బయటికి రావడమే ఆలస్యం, సగం గోడ దాటి లోపలికి దూసుకుపోయారు.

“ఏమయ్యా అల్లుడూ! నోట్లో నాలుకలు ఎన్నున్నాయి నీకు? బేకరీ వాడికో మాట, టీచరమ్మకో మాట! ఏది నిజం?”

“కూర్చోండి మామయ్యగారూ, చెప్తాను.”

“కూర్చుంటాను! భయమా నాకు?” అంటూ కూర్చున్నారు. ఎక్కడ కూర్చున్నారో కోపంలో చూసుకోలేదు.

“నిజం చెప్పాలంటే, కోర్టు సినిమా సంగతి వదిలేయండి. సైనికుడి సినిమాతోనే నాకు పేచీ. చివర్లో చచ్చిపోతాడు చూడండి...”

కండక్టరుగారి కళ్ళు చెమర్చాయి. ఆ సినిమా ఆయనకి ప్రాణంలో ప్రాణం. “ఆ చావు చూసి నేను మూడ్రోజులు అన్నం ముట్టలేదయ్యా.”

“చచ్చిపోయాక కళ్ళార్పాడు.”

“ఎవరూ?”

“మీ హీరోనే. తల్లి మీదపడి ఏడుస్తుంటే శవం టపటపా రెండుసార్లు ఆర్పింది.”

“అబద్ధం!” ఆ కేకకి ట్రేలో సామాను గలగలలాడింది. నోరు ఎంత పెద్దగా తెరుచుకుందంటే, డాక్టరు ఇంక తెరవమని అడగనవసరం లేకపోయింది. “గాలికి రెప్ప కదిలి ఉంటుంది! మైదానంలో తీసిన సీను అది! గాలి రాదా? నువ్వు చచ్చి చూడు, గాలికి నీ రెప్ప కదులుతుందో లేదో!” కండక్టరుగారు గాలి గురించి మాట్లాడారు, మైదానం గురించి మాట్లాడారు. మధ్యలో తన మాటలు తనకే వింతగా వినిపించాయి. “ఆ హీవో కల్లావ్పవేదు! నేవు ఒప్పుకోవు!”

“నేనూ ఒప్పుకోను మామయ్యగారూ. ఇంకొంచెం ఇటు తిరగండి... ఆఁ... ఇదిగో.”

ట్రేలో ఏదో టంగుమంది.

“ఎవవివి అవి?”

“మీదే.”

పన్ను వైపు చాలాసేపు చూశారు కండక్టరుగారు. భయపడదామంటే, ఇంక భయపడడానికేమీ మిగల్లేదు.

దూది కరిచిపట్టుకుని మేడ మీద కూర్చున్న తండ్రికి కూతురు గిన్నెలో ఐస్‌క్రీము పెట్టి తెచ్చింది. ఆయన మాట్లాడలేరు కాబట్టి, మొదటిసారి ఆవిడ మాట పూర్తిగా సాగింది.

“కొత్తల్లో ఈయన దగ్గర్నుంచి జనం పారిపోయేవారు నాన్నా. మెడకి కట్టిన గుడ్డతో సహా వీధిలోకి పరిగెత్తేవారు. భయపడకండి అంటే ఇంకా భయపడేవారు. ఒకరోజు ఇద్దరు పేషెంట్లు ఉంగరాల హీరో గురించి పోట్లాడుకుంటుంటే, ఆ కోపంలో ఒకాయన సూది పడిన సంగతే గమనించలేదు. కోపమొచ్చినవాడికి భయం ఉండదని ఈయనకి అప్పుడు తెలిసింది. ఆ హీరో గురించి పోట్లాడనివాళ్ళు ఊళ్ళో లేరు కదా. అందుకని మొదలుపెట్టారు. ఉత్తుత్తినే తిడితే జనం పట్టేసుకున్నారు. ఏ సీను, ఏ పాట అని నిలదీస్తే నీళ్ళు నమిలారు. అప్పట్నుంచీ అన్నీ వరసగా చూస్తున్నారు.”

కండక్టరుగారు చెంచా ఆపి, వేలు పైకెత్తి ప్రశ్నార్థకంగా ఊపారు.

“ఆయనకి నిజంగా నచ్చుతాయా అనా? సినిమా మొదలైన కాసేపటికే గురకపెడతారు నాన్నా. చిన్నప్పట్నుంచీ అంతేనట. నేనే గిల్లి గిల్లి లేపి చూపిస్తాను. వారానికి ఒక్క సెలవు. అదీ ఇలా పోతోంది. పోనీ మానెయ్యండి అంటే, ఇంకా పదకొండు సినిమాలున్నాయి, వాటిని ఇష్టపడేవాళ్ళకి పన్ను నొప్పి వస్తే ఎలా అంటారు.”

కండక్టరుగారు ఐస్‌క్రీము కరిగిపోయేదాకా అలాగే కూర్చున్నారు. హీరోని తిట్టాడంటే క్షమించవచ్చు. హీరో సినిమాలో గురకపెట్టాడా! కానీ ఎంత వెతికినా ఆయనకి కోపం దొరకలేదు.

మర్నాటి నుంచి ఆయన రోజూ క్లినిక్కుకి వచ్చేవారు. “పన్ను పీకిన చోటు చూపించుకోవాలి” అని చెప్పి, చూపించుకోకుండా వెయిటింగ్ రూములో కూర్చుని, వచ్చినవాళ్ళని వరసలో కూర్చోబెట్టేవారు. గుమ్మంలో నిలబడ్డవాళ్ళని “లోపలికి జరగండి, లోపలికి జరగండి” అని సర్దేవారు.

ఒకరోజు లోపల డాక్టరు ఎవరిదో మొండి పన్నుతో కుస్తీ పడుతున్నాడు. బయట పోలీసు జమేదారు ఒకాయన తన వంతు కోసం చూస్తున్నాడు. తలుపంత మనిషి. దవడ ఇంత వాచి ఉంది. లోపల డ్రిల్లు మోగేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. టోపీ తీసి చెమట తుడుచుకుంటుంటే, టోపీ లోపల అంటించుకున్న చిన్న ఫొటో కండక్టరుగారి కంటపడింది. నుదుటి మీద ఉంగరం. చిరునవ్వు.

జమేదారు లేచాడు. “నాకు డ్యూటీ ఉందండీ. మళ్ళీ వస్తాను.”

మళ్ళీ రాడని కండక్టరుగారికి తెలుసు. “ఏదో పనుంది” అని తను ఎన్నిసార్లు మేడ దిగిపోలేదు! చూస్తే అల్లుడు లోపల ఇరుక్కుపోయి ఉన్నాడు. ఇటు జమేదారు చెయ్యి తలుపు మీద పడింది.

కండక్టరుగారు కళ్ళు మూసుకున్నారు. జీవితంలో ఎప్పుడూ అనని మాట, ఇంకొకడు అంటే బస్సులోంచి దింపేసిన మాట, నాలుక మీదికొచ్చింది. మనసులో హీరోకి ఒక దణ్ణం పెట్టుకుని, కళ్ళు మూసుకునే అనేశారు.

“ఆ టోపీలో ఉన్నాయన... పడవ సినిమాలో ఏమీ బాగా చెయ్యలేదు.”

తలుపు మీద చెయ్యి ఆగింది. “ఏమన్నారూ?”

“తెడ్డు... తెడ్డు వెయ్యడం రాదు.” కండక్టరుగారి గొంతు మొదటిసారి పక్కవాడికి కూడా వినబడనంత చిన్నదైంది. “పాట పాడుతూ కూర్చుంటాడు. పడవ దానంతటదే పోతుంది.”

“ఏమండీ పెద్దాయనా!” జమేదారు వెనక్కి తిరిగి గది మధ్యకొచ్చాడు. “ఆ వరదలో పిల్లల్ని ఒడ్డుకి చేర్చిన సీను చూశారా మీరు? చూసే మాట్లాడుతున్నారా?”

చూశారా! పదిహేడుసార్లు చూశారు. ఆ సీను వస్తే ఇప్పటికీ లేచి నిలబడతారు. “ఆ... చూశాలే. అంత గొప్పగా ఏమీ లేదు” అన్నారు, గుండె రాయి చేసుకుని. అని, మెల్లగా ఒక్కో అడుగూ వెనక్కి వేశారు. జమేదారు వేలు చూపిస్తూ ఒక్కో అడుగూ ముందుకి వేశాడు. అలా ఇద్దరూ సగం గోడ దాటి, లోపలి గదిలోకొచ్చి, అప్పుడే ఖాళీ అయిన కుర్చీ దాకా చేరారు. “నించుని అరుస్తారేం, కూర్చుని చెప్పండి” అన్నారు కండక్టరుగారు.

డాక్టరు ఒకసారి మామగారి మొహం కేసి చూసి, మారుమాట లేకుండా సూది అందుకున్నాడు.

దూది కరుచుకుని, కళ్ళెర్రజేసి, “మల్లీ వస్తా, తేల్చుకుందాం” అన్నట్టు వేలు ఆడిస్తూ జమేదారు వెళ్ళిపోయాక, కండక్టరుగారు కుర్చీ పక్క స్టూలు మీద కూలబడ్డారు. పన్ను పీకింది ఆయనకే అన్నట్టున్నారు.

డాక్టరు చేతులు కడుక్కుంటూ అడిగాడు. “ఏ సినిమాని తిట్టారు మామయ్యగారూ?”

“పడవ సినిమా.”

“అయ్యో! దాన్నెందుకు తిట్టారండీ? బాగుంటుంది కదా.”

కండక్టరుగారు తలెత్తారు. కుర్చీలో పేషెంటు లేడు. అల్లుడి చేతిలో సూదీ లేదు.

“ఆ ఒక్కటీ నిద్రపోకుండా చూశాను” అన్నాడు డాక్టరు, సిగ్గుపడుతూ. “ఆ వరద సీనులో... మీ అమ్మాయి నన్ను గిల్లనే లేదు.”

కండక్టరుగారు లేచి, అల్లుడి తెల్లకోటు కాలరు ఒకవైపు ముడుచుకుని ఉంటే సరిచేశారు. భుజం మీద ఒకసారి తట్టారు. తరవాత బయటికెళ్ళి, వీధి చివర వరకూ వినబడేలా కేకేశారు.

“తరవాతెవరండీ? రండి, రండి, ఖాళీగా ఉంది! ముందుకి జరగండి!”